మంగతాయారు పోర్షన్

ఉమాకాంతం ఇంట్లో పదకొండు రోజులుగా మాటల్లేవు. భార్య ప్రసూన వేళకు వడ్డిస్తోంది, వేళకు దీపం పెడుతోంది, నోరు మాత్రం విప్పడం లేదు. ఎదురుగా మనిషి ఉండగా ఒంటరిగా అన్నం తినడం ఎంత కష్టమో అతనికి ఇప్పుడే తెలిసొచ్చింది.

పాపం, తప్పెవరిదో మాత్రం ఇంకా తెలిసి రాలేదు.

అతను టీవీలో శుక్రవారం శుక్రవారం వచ్చే హాస్య సీరియల్ రాస్తాడు. అందులో మంగతాయారు అనే ఇల్లాలు పప్పులో కాలెయ్యని వారం లేదు. పాయసంలో ఉప్పు వేస్తుంది. పొరపాటున ముక్కూ మొహం తెలియని వాళ్ల పెళ్లికి వెళ్లి, కానుక చదివించి వస్తుంది. ఊరంతా పడీ పడీ నవ్వుతుంది. అవన్నీ ప్రసూన చేసినవే. మాట్లాడితే అది శుక్రవారం టీవీలో వస్తుందని ఆమె మాటే మానేసింది.

నాటకాలు రాసి రాసి తలపండిన వల్లభయ్యగారు అతని గురువు. ఒక మధ్యాహ్నం వెళ్లి ఆయన ముందు చతికిలబడ్డాడు.

“మాస్టారూ, ఆవిడ నోరు విప్పకపోతే నాకు సరుకెక్కడిది? శుక్రవారం ఎలాగండీ?”

ఆయన నవ్వలేదు, తిట్టనూ లేదు.

“పోయిన వారం రాసింది ఉందా? అందులోంచి మంగతాయారు పోర్షన్ విడిగా రాయి.”

నాటకాల వాళ్లు ఎవరి మాటలు వాళ్లకు విడిగా రాసిచ్చే కాగితాన్ని పోర్షన్ అంటారు. నవ్వించే మాటలన్నీ భర్తవే కాబట్టి మంగతాయారుది అరపేజీ కూడా రాలేదు.

“ఇప్పుడు పైకి చదువు.”

ఉమాకాంతం గొంతు సవరించుకున్నాడు.

“ఏమండీ, ఒకసారి ఇలా వస్తారా?”

“అది కాదండీ, నేను చెప్పేది...”

“అందరి ముందూ ఎందుకండీ?”

“నవ్వకండి.”

“పోనీ, రేపు చెప్పనా?”

మధ్యలో భర్త మాటలు లేకపోయేసరికి ఎక్కడా నవ్వు రాలేదు. చదివేకొద్దీ అతని గొంతు సన్నబడింది. సిగ్గేసింది. కాగితంలో ఇంకొక్క మాటే మిగిలింది.

“ఏమండీ, వింటున్నారా?”

గురువుగారు భర్త మాట అందిస్తారేమోనని తలెత్తి చూశాడు. వల్లభయ్యగారు గోడకేసి చూస్తున్నారు. ఇటు తిరిగారు.

“నన్నలా అడిగే మనిషి పోయి ఆరేళ్లయింది నాయనా. నువ్వు ఇంటికి వెళ్లు.”