గురక పెట్టేవాడి వారం

చిదంబరానికి కామేశం గురక పడేది కాదు.

గోదావరి లంకల్లో ఒక అగ్రహారం. అక్కడ నరహరి సోమయాజులుగారు తర్కం చెప్పేవారు. శిష్యులంతా ఆయన వీధి అరుగుమీదే వరసగా పడుకునేవారు. భోజనానికి మాత్రం వారాలు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో, అలా ఊరే వాళ్లకి అన్నం పెట్టేది. ఒక ఇల్లు వారం మానేస్తే ఆ రోజు పస్తు. రెండు మూడిళ్లు మానేస్తే చదువుకి స్వస్తి చెప్పి మూట సర్దుకోవడమే.

చిదంబరం సన్నగా, నిటారుగా ఉండేవాడు. పాఠం ఒక్కసారి వింటే చాలు, సాయంత్రానికి పొల్లు పోకుండా వల్లించేవాడు. కామేశం లావుపాటి మనిషి. పొద్దున్న పాఠం మధ్యలో గడ్డం గుండెల మీదికి వాలేది, ఆ వెంటనే గురక మొదలయ్యేది.

తర్కం కొత్తగా వచ్చినవాడికి నోరు ఊరుకోదు. ఏదో ఒకటి రుజువు చేస్తేగాని నిద్రపట్టదు. ఒకనాడు చిదంబరం అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

"కామేశం తిండిపోతు. ఎందుకంటే గురక పెడతాడు. ఎక్కడ గురక ఉంటుందో అక్కడ ఒళ్లుంటుంది, ఎక్కడ ఒళ్లుంటుందో అక్కడ తిండి యావ ఉంటుంది, మన కరణంగారి విషయంలోలాగ. వీడికి గురకా ఉంది, ఒళ్లూ ఉంది. కాబట్టి వీడు తిండిపోతు."

అందరూ పగలబడి నవ్వారు. కామేశం కూడా నవ్వబోయి తల దించుకున్నాడు.

నవ్వు అక్కడితో ఆగితే బాగానే ఉండేది. మాట ఇల్లిల్లూ తిరిగింది. బుధవారం ఇల్లు పేరమ్మగారిది. "ఈ వారానికి వద్దులే నాయనా, పిల్లలకే చాలడం లేదు" అందావిడ గుమ్మంలోనే. శనివారం ఇంటివారూ అదే మాట అన్నారు. కామేశం మంచినీళ్లు తాగి పడుకున్నాడు. మర్నాడు తన రెండు పంచెలూ మూట కట్టుకుని గురువుగారి దగ్గర సెలవు తీసుకోవడానికి వచ్చాడు.

సోమయాజులుగారు మూట చూశారు. చిదంబరాన్ని పిలిచారు.

"సన్నటివాడు గురక పెట్టడం ఎప్పుడైనా విన్నావా?"

"ఎన్నడూ వినలేదండి."

"అవును, నువ్వు వినలేదు" అన్నారాయన. తర్వాత కామేశం వైపు తిరిగారు. "రేపు వెళుదువుగాని. ఈ రాత్రికి అరుగుమీద వద్దు, మా పెరటి వసారాలో పడుకో. ఆ మూట నా దగ్గర ఉండనీ."

మర్నాడు పాఠానికి వచ్చిన శిష్యుల కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇద్దరే తేటగా ఉన్నారు. ఒకడు చిదంబరం. రెండోవాడు కామేశం. వెన్ను నిలబెట్టి కూర్చుని, అడిగిన ప్రశ్నలకి సమాధానాలు కూడా చెప్పాడు. పాఠం సగంలో గురక వినిపించింది. ఎవరా అని చూస్తే శేషయ్య! గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోయే మనిషి.

"చిదంబరం, మన శేషయ్య తిండిపోతా?" అన్నారు గురువుగారు.

"కాదండి. రాత్రి నిద్ర లేనట్టుంది."

"ఎందుకు లేదో అడుగు."

అడిగే పని లేకుండానే శేషయ్య లేచాడు. "నీ గురకకే, మహానుభావా! అరుగు అదిరిపోయింది. ఇన్నాళ్లూ లేనిది రాత్రి ఏమొచ్చింది నీకు?"

చిదంబరం తెల్లబోయాడు. గురువుగారు లోపలికి వెళ్లి, కామేశం మూటలోంచి ఒక పాత గుడ్డ చుట్ట తెచ్చి చిదంబరం చేతిలో పెట్టారు. తెల్లవారుజామున స్నానానికి లేచే మనిషి కాబట్టి కామేశం దాంతో ఏం చేస్తాడో ఆయన రోజూ చూస్తూనే ఉన్నారు.

చిదంబరానికి ఆ చుట్ట తెలుసు. ఎన్నోసార్లు నిద్ర లేచేసరికి అది వీపు కింద ఉండేది. ఎవరిదీ చింకిగుడ్డ అని విసుక్కుని అవతల పారేసేవాడు.

కామేశం మెల్లగా అన్నాడు. "వెల్లకిలా పడుకుంటేనే నీకు గురక. పక్కకి తిప్పి ఇది ఆనిస్తే ఆగిపోతుంది. నువ్వు మళ్లీ దొర్లుతావు, నేను మళ్లీ లేస్తాను. అంతే."

"రాత్రంతానా? నన్ను లేపి చెప్పొచ్చుగా!"

"నీకు నిద్ర చాలకపోతే ఎలా? గురువుగారు చెప్పింది నాకు సగమే అందుతుంది. మిగతా సగం సాయంత్రం నువ్వు వల్లిస్తుంటే విని నేర్చుకుంటాను. నీ పుణ్యమా అని ఈ మాత్రమైనా వచ్చింది."



సోమయాజులుగారు తాళపత్రాలు కట్టేస్తూ అన్నారు. "వచ్చిన ఏడాది ఈ కామేశం రివటలా సన్నగా ఉండేవాడు. ఒళ్లు ముందొచ్చిందో, నిద్ర ముందు పోయిందో విచారించి చెప్పు. తొందరేం లేదు."

బుధవారం వచ్చింది. చిదంబరం ఆ రోజు తన వారం ఇంటికి వెళ్లలేదు. రానంటున్న కామేశాన్ని రెక్క పట్టుకుని పేరమ్మగారి గుమ్మంలోకి తీసుకువెళ్లాడు.

"అమ్మా, నేను చెప్పింది తప్పు. గురక పెట్టేది నేను. వీడు నా కోసం నిద్ర మానుకున్నవాడు."

పేరమ్మగారు ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "మీ తర్కం తగలెయ్య! పిల్లాడి నోటి దగ్గర కూడు తీయించావు కదరా నా చేత" అని చిదంబరాన్ని గట్టిగా చీవాట్లు పెట్టి, కళ్లు తుడుచుకుని రెండు విస్తళ్లు వేసింది.

కామేశం పెట్టింది తిని, మజ్జిగ కోసం చూస్తున్నాడు. ఎప్పుడూ ఎవరింట్లోనూ మారు అడిగినవాడు కాడు. పేరమ్మగారు మళ్లీ అన్నం తేబోతే, చాలన్నట్టు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

చిదంబరం ఆ చేతిని పట్టుకుని, నిద్రపోతున్న మనిషిని కదిపినంత మెల్లగా, పక్కకి జరిపాడు.

"వడ్డించండమ్మా" అన్నాడు.