ఎడమ కొస లాగితే ఊడే ముడి

మెట్ట కింద దొడ్డిలో సామాను కొట్టు అప్పలసూరిది. అప్పలసూరి అంటే ఎద్దు. నాగలి మోయడం మానేసిన దగ్గర్నుంచి ఆ కొట్టు చూసుకుంటున్నాడు. తడక కావాలన్నా, బుట్ట కావాలన్నా, గంప కావాలన్నా అతని దగ్గరికే రావాలి. అడవిలో ఎవరు ఏది చక్కగా అల్లుతారో వాళ్ళ దగ్గర తెచ్చి, ఒక్కోదానికి ఆకు మీద పేరు గీసి కట్టి, అడిగినవాళ్ళకి ఇస్తాడు. తొందరన్నది మాత్రం ఎరగడు. "నిదానమే ప్రధానం" అని రోజుకి పదిసార్లు అంటాడు, అది అనడానికే సగం పూట పడుతుంది.

ఆ సరుకులో ఎక్కడ ఏ లోపం బయటపడినా పొద్దున్నే కంచె రాట మీద కూర్చుని చాటేది కాకి. ఒకరోజు దాని గొంతు మామూలు కన్నా పెద్దదిగా లేచింది.

"ఇనండర్రా ఇనండి! గిజిగాడి మెలికముడికి లోపముంది. ఎడమ కొస లాగితే ఊడొచ్చేస్తంది. గిజిగాడే సెప్పేడు. ఆ ముడున్నవన్నీ మార్సుకోండి!"

పక్క కొమ్మ మీద గిజిగాడు తల వంచుకుని ఉన్నాడు. తను వేసిన ముడిలో తప్పుందని తన నోటితోనే చెప్పుకోవడం తేలికా మరి! అయినా చెప్పాడు, మంచి పిట్ట.

అప్పలసూరి కొట్టులోకి వెళ్ళి ఆకులన్నీ చదివాడు. 'మెలికముడి తడక' అని రెండు కనిపించాయి. తీసి అవతల పారేసి, నెమరు మొదలుపెట్టాడు.

"అయిపోనాదా మావా?" అంది కాకి. "తక్కిన సరుకు ఇప్పి సూడవా? లోన ముడి ఎవురిదో?"

"గంప మీద గంపనే రాసుంది. ముడని నేదు కదేటి? ఎద్దు పుండు కాకికి ముద్దా అని, నీకేటే! అరిసేసి ఎగిరిపోతావు. ఇప్పి కట్టీది నాను. రేపు సూద్దారి."

ఆ గంపల్లోనే ఒకటి పైడమ్మ ఇంట్లో ఉంది. పైడమ్మ ఎర్రకోడి, తొమ్మిది పిల్లల తల్లి. గంప అల్లింది కుందేలు. అల్లిక బాగానే వచ్చింది గానీ తలుపు కట్టడం దానికి చేతకాలేదు. అందుకని గిజిగాడి మెలికముడి ఒకటి తెచ్చి బిగించేసింది. పైన ఆకు మీద ఆ సంగతి ఎవరూ రాయలేదు.

మధ్యాహ్నం గద్ద భయానికి పైడమ్మ పిల్లల్ని గంపలో పెట్టి, తలుపు వేసి, పెంట దిబ్బ కెలకడానికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడు వచ్చింది నక్క. పొద్దుటి చాటింపు అదీ విన్నది. మంచివాళ్ళకి మాత్రమే వినపడే చాటింపు ఇంకా పుట్టలేదు కదా! కనపడ్డ తలుపుకల్లా ఎడమ కొస లాగి చూసుకుంటూ వచ్చి, పైడమ్మ గంప దగ్గర లాగింది. ముడి చటుక్కున ఊడింది.

పిల్లల కీచులు దిబ్బదాకా వినిపించాయి. పైడమ్మ ఎగిరొచ్చి నక్క కళ్ళ మీద పడింది. పిల్లలున్న కోడితో పెట్టుకోవడం పులికే భయం, నక్కెంత? నోటినిండా ఎర్ర ఈకలతో పారిపోయింది. పిల్లలు తొమ్మిదీ దక్కాయి. ఒకదాని కాలు మాత్రం బెణికింది.

ఆ పిల్లని రెక్క కింద పెట్టుకుని పైడమ్మ కొట్టుకి వచ్చింది.

"మావా, బాగుందని నీ మాట మీదే ఆ గంపలో నా పిల్లగుంటల్ని పెట్టేను. దీని కాలు సూడు."

అప్పలసూరి ఆ చిన్న కాలు చూశాడు, ఊడిన ముడి చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గు కూడా వేసింది.

"తప్పు నాదేనమ్మీ. మీద ఆకు సూసేను గానీ లోన ముడి సూడనేదు. కాకి సెప్పినా ఇననేదు."

ఆ పూట మేత ముట్టలేదు. కొట్టులోనూ, దొడ్డిలో అందరి ఇళ్ళలోనూ ఉన్న సరుకంతా ఒక్కోటీ విప్పి చూశాడు. అదే ముడి ఇంకో ఏడు చోట్ల బయటపడింది. బాతుల బుట్టకి, కుందేలు తడకకి, ఆఖరికి తన మెడలో పట్టెడకి కూడా!

"ఎవురెవురి ఇంట ఉందో ఇప్పుడే సాటేస్తాను," అని కాకి రెక్కలు విదిల్చింది.

"ఆగవే తల్లీ! మార్సకముందే ఇళ్ళ పేర్లు సెప్తే దొంగ సేతికి తాళాలిచ్చినట్టే. దాయొద్దు, ముందు మార్సాల. మార్సినాక అంతా సెప్పు."

"కొత్త ముడికి గడ్డి నానాల. రెండ్రోజులు పడతాది," అన్నాడు గిజిగాడు.

"అందాకా నా గుంటలు ఏటైపోవాల?" అంది పైడమ్మ.

అప్పలసూరి వెళ్ళి గంప తలుపుకి పొట్ట ఆనించి పడుకున్నాడు. రెండు రోజులూ కదల్లేదు. పిల్లలు అతని వీపెక్కి చెవులు పొడిచాయి. పైడమ్మ కోపం మెల్లగా కరిగి, "తౌడు తెచ్చేను, తిను మావా," అంది. ఆ తౌడు అంత రుచిగా ఎన్నడూ లేదని ఇప్పటికీ చెప్తాడు.

మూడోనాటికి ముళ్ళన్నీ మారిపోయాయి. మర్నాడు పొద్దున్నే కాకి రాటెక్కింది.

"ఇనండర్రా ఇనండి! పైడమ్మ గంపకీ, బాతుల బుట్టకీ, ఇంకో ఆరింటికీ ఉన్నది పాత మెలికముడే! ఎడమ కొస లాగితే ఊడొచ్చేస్తంది..."

తుప్పలో నక్క అంతవరకే విని పరుగు తీసింది. "...నిన్నటితో అన్నీ మార్సేసినారు! కొత్త ముడి ఎడమకి లాగితే బిగుస్తాది!" అన్న మిగతా సగం ఖాళీ తుప్ప వింది.

గంప దగ్గర ఎవరూ లేరు. పట్టు కోసం నక్క ముందరి కాలు తాడు మెలికలో దూర్చి, ఎడమ కొస పళ్ళతో లాగింది. ముడి బిగిసింది, కాలితో సహా. ఇంకా లాగింది, ఇంకా బిగిసింది.

నీళ్ళు తాగి వచ్చిన అప్పలసూరి పక్కన నిలబడ్డాడు. పైడమ్మ వచ్చి నక్క ముక్కు మీద పొడవడం మొదలుపెట్టింది.

"అన్నేయం!" అని ఏడ్చింది నక్క. "ఊడిపోతాదని కాకి సెప్పింది గదా!"

"మళ్ళీ సెప్పమంటావా నక్కబావా," అంది కాకి రాట మీంచి, "ఈపాలి ఆకరిదాకా ఇంటావా?"

పొడుపుల మధ్యే తాడు కొరుక్కుని కుంటుకుంటూ మెట్ట ఎక్కింది నక్క. ఆ ముడి కాలికి కడియంలా ఉండిపోయింది. ఎడమ కొస లాగడం తప్ప దానికి మరో ఉపాయం తెలియదు. అందుకని లాగినకొద్దీ బిగుసుకుంటూనే ఉందట.

నీతి: లోపముందని చాటింపు వింటే ఆఖరిదాకా విను, పైన రాసిన పేరు చూసి ఊరుకోక, లోపలి ముడి ఆరోజే విప్పి చూసుకో.