లారీ ఎక్కని గులాబీ

ఓంకారయ్యగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా మనసు కలుక్కుమనే ప్రశ్న అడిగారంటే, కూర్చున్నచోటి నుంచి లేచిపోయేవారు. కొత్తవాళ్ళు ఆయనకు కోపం వచ్చిందనుకుని బిక్కచచ్చిపోయేవారు. పాతవాళ్ళు మాత్రం కొంగు దోపుకునో, పంచె ఎగ్గట్టుకునో ఆయన వెనకే నడిచేవారు. ఆ పూట జవాబు బావి దగ్గరో పెరట్లోనో ఉంటుందని వాళ్ళకు తెలుసు.

వీరవేణి పాత శిష్యురాలే. కడియం దగ్గర రోడ్డువారగా ఆమెకో నర్సరీ ఉంది. ఏ మొక్క ఎందుకు వాడిందో ఆకు మొహం చూసి చెప్పేస్తుంది. నోరు కూడా కాస్త పెద్దదే, ఆమెతో బేరమాడేవాళ్ళు రెండోమాట ఎత్తడానికి జంకుతారు. అలాంటి మనిషి ఒక ఏకాదశినాడు గురువుగారి వసారాలో, అందరూ వెళ్ళిపోయేదాకా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది.

"గురువుగారండీ, నా కోడలికి ఇంకా ఏం పెట్టమంటారండీ?"

కోడలి పేరు లోవకుమారి. తుని వైపు పిల్ల. మొన్న వేసవిలో నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. పుట్టిన ఆడపిల్ల ఊపిరైనా తీసుకోలేదు. అప్పటినుంచి లోవకుమారి ముందు మాట తగ్గించింది, తర్వాత తిండి తగ్గించింది, ఇప్పుడు మనిషే తగ్గిపోతోంది. వీరవేణి చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు గదా. పొద్దున బాదంపాలు, మధ్యాహ్నం నేతిలో వేయించిన ఖర్జూరం. అన్నవరం తీసుకెళ్ళింది, తాయెత్తు కట్టించింది, కొత్త చీరలు కొంది, కోడలి స్నేహితురాళ్ళను పిలిపించి కబుర్లు చెప్పించింది. పాప మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని కొడుకుతో సహా అందరికీ గట్టిగా చెప్పి ఉంచింది. ఇందులో ఒక్కటైనా ప్రేమ లేకుండా చేసింది కాదు. ఆ సంగతి ఇక్కడే చెప్పకపోతే ఆవిడకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

"కార్తీకంలో మా ఆడపడుచు గృహప్రవేశమండీ. చుట్టాలంతా వస్తారు. అప్పటికన్నా దాని మొహంలో కళొస్తాదేమోనని చూస్తన్నాను. ఇదేమో పుట్టింటికి ఎల్లిపోతానంటందండీ. ఎల్తే ఇక తిరిగి రాదేమోనని నా భయం. దాన్ని పోగొట్టుకోలేనండీ గురువుగారూ."

ఓంకారయ్యగారు లేచారు. "రా అమ్మా, పెరట్లో నీ గులాబీలు చూసొద్దాం," అన్నారు.

నిరుడు వానల్లో వీరవేణి ఆ పెరట్లో నాలుగు పన్నీరు గులాబీలు నాటింది. గురువుగారి పూజకు పూలు తన చేతి మొక్కలవే కావాలని ఆవిడ ముచ్చట. ఆ ముచ్చట కొద్దీ వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి కొంగున కట్టుకొచ్చేది. ఒకసారి యూరియా, ఒకసారి కాంప్లెక్సు ఎరువు, మరోసారి వేపపిండి, ఇంకోసారి ఆముదం చెక్క. ఓంకారయ్యగారు వద్దనలేదు. ఇప్పుడు చూస్తే ఆకుల అంచులు సెగ తగిలినట్టు మాడి ఉన్నాయి. పాదు మీద తెల్లగా ఉప్పు తేలి గట్టిగా పెచ్చు కట్టింది.

ఆయన చెంబెడు నీళ్ళు పోశారు. నీళ్ళు కిందికి దిగలేదు. పెచ్చు మీద కాసేపు నిలబడి, అంచు దాటి పక్కకు పారిపోయాయి.

"ఈ పాదులో ఇంకా ఏం పెట్టమంటావు?" అని అడిగారు.

మొక్కల సంగతి వచ్చేసరికి వీరవేణికి కన్నీళ్ళు ఆగిపోయి కోపం వచ్చింది. "ఇంకా పెట్టడమేంటండీ? పెట్టిన బలం ఎక్కువై మొక్క ఏరు మాడిపోతంటేనూ! ముందు ఆ పైపెచ్చు గీకెయ్యాలి. నిదానంగా నీళ్ళు పెట్టి లోపలున్న ఉప్పు కిందకి దింపాలి. మాగిన పశువులెరువు ఒక్క పిడికెడు ఏసి, పైన ఎండుటాకు కప్పి వదిలెయ్యాలండి. మట్టి బాగుపడితే మిగతాది మొక్కే చూసుకుంటాది."

"ఇంత తెలిసినదానివి, మరి ఎందుకు పెట్టావమ్మా?"

ఆ అడగడంలో నిష్ఠూరం లేదు. అందుకే వీరవేణి కూడా దాచుకోకుండా చెప్పింది. "అలవాటండీ. మా నర్సరీ కవర్లలో మొక్కకి అంతేనండీ. కొనేవోళ్ళ లారీ వచ్చేలోపు ఆకు నిగనిగలాడాలి. కాస్త యూరియా చూపించామంటే వారం తిరిగేసరికి పచ్చగా లేచి కూకుంటాది. చూసినోడు వదలడు."

"లారీ ఎక్కాక?"

"ఎక్కాక నాకేం తెలుస్తాదండీ?"

మాట నోరు దాటిన తర్వాత గానీ అదెలాంటి మాటో ఆవిడకు తెలియలేదు. పెళ్ళయి ఆ ఊరు వచ్చిననాటి నుంచి లారీలకు లారీలు మొక్కలు పంపింది. వాటిలో ఒక్కటంటే ఒక్కటి మరుసటి వానాకాలానికి ఎలా ఉందో ఆవిడ చూసి ఎరగదు. కార్తీకంలో చుట్టాలొచ్చేసరికి కోడలి మొహంలో కళ రావాలని ఇందాక తనే అన్న మాట గుర్తొచ్చి, తల వంచుకుని నేల మీద చతికిలబడింది. ఓంకారయ్యగారు చిన్న పార ఆవిడ చేతికిచ్చి, తానూ పక్కన కూర్చుని పెచ్చులు ఏరడం మొదలుపెట్టారు. ఇద్దరూ కలిసి నాలుగు పాదులూ బాగుచేశారు.

ఇంటికి వెళ్ళేసరికి కోడలి గది గుమ్మం పక్కన బాదంపాల గ్లాసు మీగడ కట్టి అలాగే ఉంది. పారబొయ్యడానికి చెయ్యి రాక వీరవేణి తనే తాగేసింది. తర్వాత ఆ గుమ్మంలోనే కూర్చుంది. చేతిలో ఇవ్వడానికి ఏమీ లేకుండా, నోట్లో చెప్పడానికి ఏమీ లేకుండా ఆ పిల్ల ఎదుట కూర్చోవడం ఆవిడకు అదే మొదలు. పుట్టెడు బరువు మోస్తున్నట్టు అనిపించింది. చివరికి, అనడానికి అన్నిటికంటే భయపడుతున్న మాటే అంది.

"పుట్టింటికి ఎల్తానన్నావు కదే. ఎల్లమ్మా. ఎన్నాళ్ళుండాలనిపిస్తే అన్నాళ్ళూ ఉండు. గృహప్రవేశానికి రాకపోయినా పరవాలేదు, చుట్టాలకి నేను చెప్పుకుంటాను."

లోవకుమారి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అటే తిరిగి ఉండి అడిగింది.

"అత్తయ్యా, పాపని మీరు చూశారు కదా. నాకు చూపించలేదు. ఎలా ఉంది?"

ఇన్నాళ్ళూ ఏ మాట గుమ్మం తొక్కకుండా వీరవేణి కాపలా కాసిందో, సరిగ్గా ఆ మాటే అది. 'ఇప్పుడవన్నీ ఎందుకమ్మా' అనబోయి మింగేసింది.

"జుట్టు ఒత్తుగా ఉందే. పుట్టుకతోనే అంత జుట్టు నేనెక్కడా చూళ్ళేదు. చెవులు అచ్చం నీయ్యే."

"ఇంకా?"

"ముక్కు మాత్రం మీ ఆయనది. కొంచెం చప్పిడి."

లోవకుమారి ఇటు తిరిగింది. "ఇంకా అత్తయ్యా?"

వీరవేణి చెప్పింది. గుర్తున్నదంతా చెప్పింది. చెబుతూ చెబుతూ ఉండగా ఆవిడే ముందు భోరుమంది. కోడల్ని ఊరడించే హడావుడిలో మనవరాలి కోసం ఏడవడానికి తనకూ తీరిక దొరకలేదని అప్పుడు తెలిసింది. లోవకుమారి మంచం దిగి వచ్చి అత్తగారి పక్కన గుమ్మంలో కూర్చుంది. ఆ సాయంత్రం ఇంట్లో దీపం పెట్టడం ఆలస్యమైంది.

తర్వాతి ఏకాదశికి వీరవేణి వచ్చేసరికి ఓంకారయ్యగారు పెరట్లోనే ఉన్నారు. మాడిన ఆకులు రాలిపోయి గులాబీలు బోసిగా ఉన్నాయి. మొగ్గ మాట అటుంచి చిగురైనా లేదు. ఆయన ఎండుటాకులు పక్కకు నెట్టి చూస్తున్నారు. కింద మట్టి నల్లగా, మెత్తగా ఉంది. ఒక వానపాము ఒళ్ళు ముడుచుకుని లోపలికి జారుకుంది.

"పంపించేశానండీ," అంది వీరవేణి. "తుని బస్సెక్కించి వచ్చాను. ఎప్పుడొస్తావని అడగలేదండీ, నాలిక కరుచుకుని ఊరుకున్నాను. మళ్ళీ వస్తాదంటారా గురువుగారూ?"

ఆయన ఆకులు మళ్ళీ యథాస్థానంలో కప్పారు. "ఏం పెట్టి పంపావమ్మా?"

"ఏమీ పెట్టలేదండీ. సున్నుండలు చుడదామనుకుని కూడా మానేశాను. గుమ్మం దాటబోతా అదే ఆగిందండీ. 'పాపకని నేను కుట్టిన జుబ్బా ఉందా అత్తయ్యా, పారేశారా' అనడిగింది. అటక మీద దాచానని చెప్పి, ఎక్కి తీసిచ్చాను. మడత ఇప్పి చూసుకుని, సంచిలో బట్టల మధ్య పెట్టుకుని ఎల్లిందండీ."

ఓంకారయ్యగారు చేతికంటిన మట్టి దులుపుకోవడం ఆపి, ఆవిడ వంక ఎంతో ఆప్యాయంగా చూశారు.

"తనకు కావలసింది తనే అడిగి తీసుకుందంటే, వేరుకేం కాలేదమ్మా," అన్నారు.