తెర కింద పాదాలు

వకుళ మేడమ్‌ని ప్రశ్న అడిగినవాళ్లకి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ఆ విమానాశ్రయంలో ఆడ సెక్యూరిటీ సిబ్బంది అందరికీ ఈ సంగతి తెలుసు. మనిషి అబద్ధమాడుతున్నట్టు ఎలా తెలుస్తుంది మేడమ్ అని ఒకమ్మాయి అడిగిన పాపానికి, వారం పాటు పోయిన సామాన్ల కౌంటర్లో కూర్చోవలసి వచ్చింది. ఏళ్ల తరబడి ఆడ ప్రయాణికుల ఒళ్లు తడిమి పంపే పని చేసి, ఇప్పుడా పనిని కొత్తవాళ్లకు నేర్పుతున్న మనిషి ఆవిడ. ఉపన్యాసాలివ్వడానికి మగ ఆఫీసర్లు కావలసినంతమంది ఉన్నారనీ, తన గొంతు పెన్షన్ రోజులకు దాచుకుంటున్నాననీ అంటుంది.

ఒక మధ్యాహ్నం ఆవిడ దగ్గరికి, ఆవిడ క్లాసులోనే పని నేర్చుకున్న సత్యవేణి కళ్లనిండా నీళ్లతో, అంతకు మించిన కోపంతో వచ్చింది. ముందురోజు బురఖా వేసుకున్న ఒక కాలేజీ లెక్చరర్ని సత్యవేణి పక్కకు పిలిచి రెండోసారి తనిఖీ చేసింది. ఆవిడ గొంతు పెంచలేదు. "నా ముందువాళ్లని వదిలావు, నా వెనకవాళ్లని వదిలావు. నన్నెందుకు ఆపావో ఒక్క మాటలో చెప్పమ్మా," అంది. సత్యవేణికి ఆ ఒక్క మాట దొరకలేదు. పొద్దున్నే పైఆఫీసరు పిలిచి చీవాట్లు పెట్టాడు. గొడవ రాకుండా ఆపడం నేర్చుకో అన్నాడు తప్ప, అసలెందుకు ఆపావన్న సంగతి ఆయనా ఎత్తలేదు.

"నేను మతం చూడలేదు మేడమ్," అంది సత్యవేణి. "మీరు క్లాసులో చెప్పిన గుర్తులే చూశాను. ఆవిడ కుదురుగా నిలబడలేదు. వెనక్కి వెనక్కి చూసింది. తనలో తనే ఏదో గొణుక్కుంది. అనుమానమొచ్చింది, ఆపాను. అనుమానించడం మన ఉద్యోగం కాదా? అదే తప్పయితే ఇంకెవరిని ఆపాలి?"

వకుళ మేడమ్ టీ గ్లాసు కడిగి బోర్లించింది. "రేపు పొద్దున నా పక్కన స్టూలేసుకుని కూర్చో. కాళ్లు చూద్దువుగాని," అంది.

మగవాళ్ల తనిఖీ అందరి ముందూ జరుగుతుంది. ఆడవాళ్లకి తెర కట్టిన చిన్న గది ఉంటుంది. తెర ఆడవాళ్ల మర్యాద కోసమని బోర్డు మీద రాసి ఉంటుంది. తెర వెనక ఎవరికెంత మర్యాద జరుగుతోందో ఆ బోర్డు రాయించినవాళ్లు ఎప్పుడూ తొంగి చూడలేదు. ఆ తెర నేల దాకా రాదు, జానెడు పైనే ఆగిపోతుంది. లోపల పొట్టి స్టూలు మీద కూర్చున్నవాళ్లకి, బయట చాప మీద వంతు కోసం నిలబడ్డ ఆడవాళ్ల పాదాలు మాత్రమే కనిపిస్తాయి.

"మొహం చూసి మనుషుల్ని ఆపుతున్నావని కదా నిన్నంటున్నారు," అంది మర్నాడు వకుళ మేడమ్, తెర సర్దుతూ. "మొహమే లేకుండా చేద్దాం. నేను తెర తీసేలోపు పాదాలు చూసి చెప్పు. మామూలంటే నేను తడిమి పంపేస్తా. అనుమానమంటే నువ్వే లేచి అడగాలి, నువ్వే తడమాలి."

సత్యవేణికి ఈ పరీక్ష నచ్చింది. తను పేరూ చూడదు, బట్టా చూడదు. దీనితో మొన్నటి మచ్చ కడుక్కుపోతుందనుకుంది.

ముందు స్పోర్ట్స్ బూట్లు వచ్చాయి, నేలను టకటకా తడుతూ. "మామూలే మేడమ్. తొందర." తర్వాత చెప్పుల్లో పట్టక పొంగిన పాదాలు. "మామూలు. ఇంటికెళ్లి వేణ్ణీళ్లలో పెట్టుకోవాలావిడ." వకుళ మేడమ్ నవ్వింది. ఆ తర్వాత పసుపు రాసుకున్న పాదాలు వచ్చాయి, రెండో వేళ్లకి వెండి మెట్టెలు మెరుస్తున్నాయి. వేళ్లు చాపను గట్టిగా పట్టుకున్నాయి. ఒంటి బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి మారుతోంది. మడమలు తిరిగి, వెనక్కి అడుగుపడి, మళ్లీ ముందుకొచ్చాయి. పైనుంచి సన్నగా ఏదో గొణుగుడు వినిపిస్తోంది.

"పాపం, విమానం కొత్తనుకుంటా మేడమ్. భయపడుతోంది. మామూలే."

తెర తొలగింది. ఆరేడు నెలల గర్భిణి. పీట ఎక్కమని చెయ్యందించి, వకుళ మేడమ్ నడుం దగ్గర తడిమి ఆగింది. చీర కుచ్చిళ్ల లోపలి నుంచి, గుడ్డలో చుట్టిన చిన్న చాకు తీసి ట్రేలో పెట్టింది.

"ఇదేందమ్మా?"

"చాకు మేడమ్," అందా అమ్మాయి ఏడుపు మొహంతో. "కడుపుతోని ఉన్న గదా, గాలీ ధూళీ సోకొద్దని మా అత్త ఇనుము పెట్టింది. తీసెయ్యకే అని ఒట్టేయించుకుంది. ఇప్పుడెట్ల మేడమ్? దోహాకు పోవాలె, మా ఆయన ఎదురుచూస్తుండు."

"విమానం నిండా ఇనుమేనమ్మా. దాని కడుపులో నువ్వుంటే, నీ కడుపులోకి ఏ గాలీ రాదు. మీ అత్తకి నేను చెప్పానని చెప్పు." అమ్మాయి కళ్లు తుడుచుకుని నవ్వి వెళ్లిపోయింది. ట్రేలో చాకు ఉండిపోయింది.

సత్యవేణి నాలుక కరుచుకుంది. "తెలియక తెచ్చింది మేడమ్, పాపం." వకుళ మేడమ్ చాకున్న ట్రేని పక్కకి జరిపింది. తెర వేసింది.

ఈసారి వేళ్లు చాప మీదికి జారిన పొట్టి రబ్బరు చెప్పులు. మెట్టెలు లేని వేళ్లు, మడమకి వాడిపోయిన గోరింట, చెప్పుల మీద జీరాడుతున్న నల్లటి అంచు. వేళ్లు చాపను గట్టిగా పట్టుకున్నాయి. బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి మారుతోంది. మడమలు తిరిగి, వెనక్కి అడుగుపడి, మళ్లీ ముందుకొచ్చాయి. గొణుగుడు.

సత్యవేణి స్టూలు మీద నుంచి అప్పటికే లేచింది. "అనుమానం మేడమ్. అన్ని గుర్తులూ ఉన్నాయి."

"సరే, అడుగు."

తెర వెనక బురఖాలో ఒక బక్కపల్చటి మనిషి నిలబడి ఉంది. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా బిగించుకుంది. చేతిలో పాసు మీద మాబున్నీ అని పేరు. కువైట్ విమానం. అప్పటికే బయట మైకులో ఆ విమానానికి ఆఖరి పిలుపు మొదలైంది.

"చేతులెత్తు," అంది సత్యవేణి.

ఆమె ఎత్తలేదు. "బిన్నే పంపీండి మేడం, పిలస్తాండారు. ఇది తప్పితే ఏజెంటు మళ్లా ఎక్కియ్యడు. ఊర్లో అప్పిచ్చినోల్లకు మొగం సూపీలేను."

"చేతులెత్తితే గదా పంపేది! అవి ఎందుకట్టా కట్టుకున్నావు? ఎవరి కోసం వెనక్కి చూస్తున్నావు?"

"ఎవురూ లేరు మేడం. గేటు బయట మాయమ్మ ఉండాది. ఈడికి కనపడదని తెల్సు. అయినా సూపు పోతాది."

"మరి ఆ గొణుగుడేంటి? ఎవరితో మాట్లాడుతున్నావు?"

మాబున్నీ తలొంచుకుంది. "పాలతో," అంది. "ఆగమని."

సత్యవేణికి వెంటనే అర్థం కాలేదు. ఆమె చేతులు తనే విడదీసి, అలవాటైన పద్ధతిలో ఛాతీ కింద అరచెయ్యి వేసింది. నల్ల గుడ్డ మీద కంటికి కనిపించనిది చేతికి తగిలింది. గోరువెచ్చటి తడి.

"ఐదు నెల్ల పిల్ల," అంది మాబున్నీ, తప్పు చేసినట్టు. "నాలుగేండ్లు తిరిగినా రాని వీసా, అది పుట్టినాకనే వచ్చె. ఇంట్లో ఇడిసొస్తా తెల్లారి ఇచ్చిందే ఆఖరు. రాయచోటి కాడ్నించి ఒగటే సలుపు. చేతులిడిస్తే కారిపోతాది మేడం. ఇంతమంది మొగోల్ల మద్దెన..."

సత్యవేణి అరచెయ్యి అక్కడే ఉండిపోయింది. కొడుకు పుట్టిన నాలుగో నెలలో తను ఇదే ఉద్యోగంలో చేరింది. పరేడ్‌లో నిలబడ్డ ఒక ఉదయం చొక్కా తడుస్తుంటే, ఇలాగే, సరిగ్గా ఇలాగే చేతులు కట్టుకుంది. ఆఫీసరు లైను మధ్యలో ఆగి, "ఏంటా పొగరు? చేతులు దించు," అన్నాడు. అంతమంది ముందు దించింది. ఆ రోజు ఇంటికెళ్లి మొగుడితో కూడా చెప్పుకోలేదు. మగవాళ్లకి పాలంటే గ్లాసులో ఉండేవే కదా.

మైకులో ఈసారి మాబున్నీ పేరే పిలిచారు, ఎవరూ గుర్తుపట్టలేనట్టు విరిచి విరిచి.

సత్యవేణి మిగతా తనిఖీ చకచకా ముగించింది. ఇంకేమీ దొరకలేదు. తన సంచిలోంచి మెత్తటి తువ్వాలు తీసి చించి, రెండు మడతలుగా చేసి, మాబున్నీ జాకెట్టులో తనే సర్దింది. ఎంత మందాన మడవాలో, ఎక్కడ పెట్టాలో ఆ చేతులకి ఎవరూ చెప్పక్కర్లేదు. "విమానంలో బాత్రూముంటుందక్కా. నొప్పెడితే పిండేసుకో, బిగబట్టకు, జ్వరమొస్తుంది," అంది. ఇందాకటి నువ్వు వేరు, ఈ నువ్వు వేరు.

వకుళ మేడమ్ అప్పటికే వైర్‌లెస్ అందుకుంది. "కువైట్ గేటు, తలుపు వెయ్యొద్దు. ప్యాసింజరు మా దగ్గరుంది. ఆలస్యం ఆమెది కాదు, మాది." తర్వాత సత్యవేణి వైపు తిరిగి, "నిలబడ్డావేం? తీసుకెళ్లు," అంది.

సత్యవేణి ఒక చేత్తో ఆమె సంచీ, ఒక చేత్తో ఆమె మణికట్టూ పట్టుకుని పరుగెత్తింది. రబ్బరు చెప్పులు ఆ నున్నటి గచ్చు మీద జారుతుంటే మాబున్నీ వాటిని తీసి చేత పట్టుకుంది. గేటు దగ్గర తలుపుకి చెయ్యేసి నిలబడ్డ కుర్రాడు గడియారం చూపించి ఏదో అనబోయాడు. సత్యవేణి మొహం చూసి మానుకున్నాడు. మాబున్నీ లోపలికి వెళుతూ వెళుతూ ఒక్కసారి వెనక్కి తిరిగింది. ఈసారి సత్యవేణి ఆ చూపుని గుర్తుల్లో కలపలేదు. తన వెనక, ఎక్కడో గేటు బయట ఉన్న తల్లికీ, ఊళ్లో ఉన్న పిల్లకీ అడ్డం రాకుండా పక్కకి జరిగి నిలబడింది.

తిరిగి వచ్చేసరికి తెర ముందు లైను పెరిగిపోయింది. వకుళ మేడమ్ ఒక్కతే అందరినీ తడిమి పంపుతోంది. ట్రేలో చాకు ఇంకా అక్కడే ఉంది. సత్యవేణి స్టూలు మీద కూలబడింది.

"ఆ చాకు అమ్మాయి కాళ్లకీ, ఈమె కాళ్లకీ ఏం తేడా కనిపించింది?" అడిగింది వకుళ మేడమ్, మామూలుగా.

సత్యవేణి ఆలోచించింది. వేళ్లు చాపను పట్టుకోవడం ఒకటే. బరువు మార్చడం ఒకటే. మడమలు తిరగడం, గొణుక్కోవడం, అన్నీ ఒకటే. ఒకరికి పాపం అంది, ఒకరికి అనుమానం అంది. తడి ఇంకా ఆరని అరచెయ్యి చూసుకుంటూ, "మెట్టెలు మేడమ్," అంది.

వకుళ మేడమ్ తెర మీద చెయ్యేసింది.

"క్లాసులో నేను చెప్పిన గుర్తుల్లో అవి లేవే!" అంది. "ఊఁ, వచ్చే కాళ్లు చూడు."