మూడు బర్గర్లు, మూడు ఎర్ర లైట్లు

"వాళ్లు చెప్పమంటున్నది నిజమే కదా మాస్టారూ. చెబితే తప్పేటి?" అని దమయంతి అడిగింది.

విజయనగరం శివార్లలో, ఒకప్పుడు గోనెసంచుల గోదాముగా ఉన్న రేకుల షెడ్డులో, అసిరినాయుడు మాస్టారు ఏళ్ల తరబడి బరువులెత్తడం నేర్పుతున్నారు. అడిగినవాళ్లకు జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. పని చెప్పడం అలవాటు. ఆ సాయంత్రం ఆయన పాత రాడ్డును రెండు ఇటుకల మీద పెట్టుకుని, కిరసనాయిలు గుడ్డతో దాని చివర తుడుస్తున్నారు.

తలెత్తకుండానే అన్నారు: "ఆదివారం పోటీలున్నాయి. బల్ల దగ్గర కూర్చో. పేర్లు నువ్వు పిలు."

దమయంతికి ఒళ్లు మండింది. ఆమె అడిగింది ఉబుసుపోకకు కాదు. బైపాస్ రోడ్డు మీద ఏడాదిలో మూడు బర్గర్ దుకాణాలు వెలిశాయి: బర్గర్ బస్తీ, చికెన్ చావడి, క్రిస్పీ దర్బార్. మూడూ పెద్ద కంపెనీలు ఊరూరా తెరిచే దుకాణాలే. వాటిలో క్రిస్పీ దర్బార్ మేనేజరు కరుణాకర్ షెడ్డుకు కొత్త రాడ్డు ఇస్తానన్నాడు. బదులుగా దమయంతి కెమెరా ముందు ఒక్క వాక్యం చెప్పాలి: 'మూడింటిలో చవకైనది, ఆరోగ్యకరమైనది క్రిస్పీ దర్బారే.'

కొత్త రాడ్డు ఆమెకు అవసరం. బరువు భుజాల మీదికి వచ్చే క్షణంలో రాడ్డు చివర్లు గిర్రున తిరగాలి. పాతదాని చివర్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. ఆ తిప్పుడంతా మణికట్టు మీద పడుతుంది. ఆమె కుడి మణికట్టుకు అప్పటికే కట్టు ఉంది. ఆమె ఎత్తాల్సిన జాతీయ పోటీలు దగ్గరపడ్డాయి.

అయినా గుడ్డిగా ఒప్పుకోలేదు. మూడు దుకాణాలకూ ఒకే రోజు వెళ్లి, ఒకే రకం చికెన్ బర్గర్ కొంది. కిరాణా కొట్టు తక్కెడలో మూడింటినీ తూచింది. మూడు కాగితాల మీద పెట్టి నూనె మరకలు చూసింది. ఒకదాని మరక అరచేయంత, ఇంకోదానిది దోసెడంత, క్రిస్పీ దర్బారుది బిస్కెట్టంత. గోడలకు అంటించిన పోషకాల పట్టికలు చదివి ఉప్పు సంగతీ తేల్చుకుంది. బరువుకు పడే ధరలో గాని, నూనెలో గాని, ఉప్పులో గాని క్రిస్పీ దర్బారే నయం. అంత శ్రమపడి తేల్చుకున్న మాటకు మాస్టారు కనీసం ఊ కొట్టలేదు.

ఆదివారం నాటికి షెడ్డు కళ మారిపోయింది. పోటీల ఖర్చంతా క్రిస్పీ దర్బారుదే. కొత్త రాడ్డు వ్యానులో వచ్చి వేదిక మీద మెరుస్తోంది. కెమెరా మనిషి ఓ మూల నిలబడ్డాడు. కరుణాకర్ ముఖ్య అతిథి కుర్చీలో కూర్చుని పతకాల పెట్టె ఒళ్లో పెట్టుకున్నాడు. మాస్టారు నడిమి రెఫరీ. ఆయనకు అటొకరు, ఇటొకరు. ముగ్గురి దగ్గరా మీటలు. బరువు సరిగ్గా ఎత్తితే తెల్ల లైటు, లేకపోతే ఎర్ర లైటు.

చివరి విభాగంలో ముగ్గురే యువకులు. జామి నుంచి ఒకడు, గజపతినగరం నుంచి ఒకడు, మాస్టారి దగ్గరే నేర్చుకునే త్రినాథ్. మొదట ఎంత బరువుతో మొదలుపెడతారో బల్ల దగ్గర రాయించాలి. ఆ ఆటలో ఒక కట్టుబాటుంది. రాడ్డు మీద బరువు పెంచొచ్చు గాని దించకూడదు.

త్రినాథ్ బల్ల మీదికి వంగాడు. "అక్కా, జామివాడు ఎంత రాయించాడు?"

"తొంభై కిలోలు."

"నాది తొంభై రెండు రాయి."

"ఒరే, నిన్న ఎనభై అయిదుకే చతికిలబడ్డావు కదరా!"

"నిన్న జామివాడు లేడు కదక్కా."

ఈ మాట జామివాడి చెవిన పడింది. వాడొచ్చి పెంచాడు. గజపతినగరం వాడు నేనేమన్నా తక్కువ తిన్నానా అన్నట్టు ఇద్దరినీ మించి రాయించాడు. త్రినాథ్ మళ్లీ వచ్చాడు. దమయంతి వద్దని కళ్లతో చెప్పింది. వాడు ఆ కళ్లు చూడలేదు. ఎవరి సత్తా ఎంతో ఎవరికీ పట్టలేదు, పక్కవాడి అంకె పట్టింది.

ఆ తర్వాత జరిగింది జరగక తప్పనిదే. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. జామివాడు ఒక్కసారీ ఛాతీ దాటించలేకపోయాడు. గజపతినగరం వాడు రాడ్డుతో పాటు తనూ వెనక్కి పడ్డాడు. త్రినాథ్ ఆఖరిసారి తలపైకి తీసుకెళ్లాడు. షెడ్డంతా లేచి నిలబడింది. మోచేయి మడతపడింది, రాడ్డు దబ్బున కింద పడింది. మూడు ఎర్ర లైట్లు వెలిగాయి.

కరుణాకర్ బంగారు పతకం రిబ్బను విప్పుతూ వేదిక ఎక్కాడు. "మాస్టారూ, మీవాడే నయం. కాస్తలో పోయింది. ఇచ్చేద్దాం."

"ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం, వేసేయండి సార్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. జనం నవ్వారు. త్రినాథ్ అప్పటికే మెడ వంచాడు.

మాస్టారు కుర్చీలోంచి లేవలేదు. "ఎందులో మొదటివాడని ఇస్తారు?"

"మిగతా ఇద్దరితో పోల్చి చూస్తే..."

"ముందు ఎత్తాలి బాబూ. పోలిక తర్వాత."

మాస్టారు దమయంతి వైపు చూడలేదు. ఫలితం చెప్పాల్సింది ఆమే. మైకు దగ్గరికి జరిపి, ఆటలో అలాంటప్పుడు అనే మాట అంది: "ఈ విభాగంలో విజేత లేరు." తన గొంతే తనకు కొత్తగా వినిపించింది.

కరుణాకర్ చెయ్యి గాల్లో ఉండిపోయింది. త్రినాథ్ మెడ ఎత్తాడు. "వద్దులెండి సార్. ఇంటికెళ్తే మా అమ్మ ఎంత ఎత్తావురా అంటాది. ఏటి చెప్పను?"

జనం పలచబడ్డాక కెమెరా ముందుకొచ్చింది. దమయంతి చేతిలో బర్గర్ పెట్టారు. వెనక కొత్త రాడ్డు కనబడేలా నిలబెట్టారు. కరుణాకర్ బొటనవేలు ఎత్తి చూపాడు.

"మూడు దుకాణాలకూ వెళ్లాను. మూడు బర్గర్లూ తూచాను" అంది దమయంతి. "క్రిస్పీ దర్బారుదే చవక. నూనె తక్కువ, ఉప్పు తక్కువ. ఇది అబద్ధం కాదు."

కరుణాకర్ ముఖం విప్పారింది.

"ఆరోగ్యం మాటకొస్తే, మూడింటికీ మూడేసి ఎర్ర లైట్లు. ఈ విభాగంలో విజేత లేరు."

కెమెరా మనిషి ఫక్కున నవ్వి, నాలుక కరుచుకున్నాడు. కరుణాకర్ మాత్రం తొణకలేదు. "బాగా చెప్పావమ్మా. మొదటి సగం ఉంచుతాం. రెండో సగం కోసేస్తాం. నువ్వన్న మాటలే కదా!"

"కోస్తే మొత్తం కోసేయండి. సగం మాట నాది కాదు."

"రాడ్డు వద్దా?"

దమయంతి బర్గర్‌ను బల్ల మీద పెట్టింది. వేదిక మీదికి వెళ్లి కొత్త రాడ్డుకున్న బరువు బిళ్లలు ఒక్కొక్కటీ విప్పింది. రాడ్డు చివరను ఒకసారి వేలితో తిప్పింది. అది చప్పుడు లేకుండా గిర్రున తిరిగి చాలాసేపు ఆగలేదు. దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆగాక రాడ్డును భుజానికెత్తుకుని, తనే మోసుకెళ్లి వ్యానులో పెట్టి వచ్చింది. కెమెరా మనిషి దగ్గర నిలబడి, తన మాటలన్నీ చెరిపేదాకా కదల్లేదు.

"తుప్పు రాడ్డుతో నేషనల్స్‌కి వెళ్తావన్నమాట. పొగరు దిగాక ఫోన్ చెయ్" అన్నాడు కరుణాకర్ వ్యాను ఎక్కుతూ.

"మీ బర్గర్ మరిచిపోయారు సార్" అంది దమయంతి.

వ్యాను వెళ్లిపోయాక ఆమె మణికట్టు కట్టు విప్పి, బిగించి, మళ్లీ విప్పింది. మాస్టారు ఎప్పటి ఇటుకల దగ్గరే కూర్చున్నారు.

"నిజమే చెప్పాను కదా మాస్టారూ. మరి రాడ్డు మనకే పోయిందేటి?"

మాస్టారు పాత రాడ్డు చివరను అరచేత్తో ఒక్క తోపు తోశారు. అది కీచుమంటూ ఒక చుట్టు తిరిగి ఆగింది. ఆయన కిరసనాయిలు గుడ్డ ఆమె చేతిలో పెట్టారు.

"ఈ పక్క తిరుగుతోంది. ఆ పక్క నువ్వు చూసుకో."