మంచి చెయ్యి

అడిగిన ప్రశ్నకు దమయంతి గారు ఎప్పుడూ తిన్నగా జవాబు చెప్పరు. ఏదో ఒక పని చెప్పి పంపిస్తారు. సాఫ్ట్‌వేర్ కొలువుల్లో తల పండిన ఆవిడ దగ్గరికి ఆదివారాలు ఆ ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు వచ్చి కూర్చుంటారు. ఒక వారం హిమజ అడిగింది: "అమ్మా, ఆఫీసులో ఉన్నట్టుండి నాకు గౌరవం పెరిగింది. సంతోషించాల్సింది పోయి అనుమానం వస్తోంది. ఇది నా బుద్ధిలో లోపమా?"

సంగతి ఇది. హిమజ బృందంలో ఆమె తప్ప అందరూ మగవాళ్లే. డబ్బు పంపుకునే యాప్ తయారు చేస్తున్నారు. రద్దీ పెరిగితే ఒకే చెల్లింపు రెండుసార్లు పోతుందని ఆమె నెలల తరబడి మొత్తుకుంది. "నీకు కంగారెక్కువ" అని బృందానికి లీడ్ అయిన కామేశ్వర్ నవ్వేశాడు. ఇప్పుడు అదే కామేశ్వర్, యాప్‌ను జనంలోకి వదిలే శుక్రవారం బటన్ ఆమే నొక్కాలంటున్నాడు. ఆడపిల్ల చెయ్యి మంచిదట, కలిసొస్తుందట. ఆ ఆఫీసులో బటన్ ఎవరు నొక్కితే, తర్వాత ఏ తేడా వచ్చినా జవాబుదారీ వాళ్లదే. ఆ కట్టుబాటు తెలియనివాడు అక్కడ లేడు. ఆమెను నొక్కమన్నప్పుడు మాత్రం అది ఎవరికీ గుర్తు రాలేదు. నన్నడిగితే, అడక్కుండా వచ్చిన దండను మెడలో వేసుకునే ముందు ఓసారి తిరగేసి చూడాలి.

దమయంతి గారు అన్నారు: "ఆ రోజు పూజలో హారతి నువ్వు ఇవ్వు. బటన్ దగ్గరికి వచ్చేసరికి కామేశ్వర్‌తో, పెద్దవారు మీరుండగా నేను నొక్కడం మర్యాద కాదను. అంతే."

శుక్రవారం కంప్యూటర్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. హిమజ హారతిచ్చి, చెప్పమన్న మాట చెప్పి పక్కకు జరిగింది. కామేశ్వర్ నవ్వుతూ వేలు చాపాడు. వేలు బటన్ దాకా వచ్చి ఆగింది. పక్కనున్న బృందంలో కుర్రాడితో, "ఫణీ, నువ్వు రారా" అన్నాడు. ఫణికి సరిగ్గా అప్పుడే ఫోన్ వచ్చింది. చివరికి కామేశ్వర్ గొంతు సవరించుకుని, "రాహుకాలం వచ్చేసినట్టుంది. ఆ చెల్లింపుల సంగతి కూడా ఓసారి చూసుకుని వచ్చే వారం వదులుదాం" అన్నాడు.

ఆదివారం హిమజ ఏడుపు ముఖంతో వచ్చింది. "శుభమా అని మొదలుపెడితే అడ్డుపడ్డానట. నాతో ఎవరూ మాట్లాడట్లేదు. నేను చూపించిన తప్పు నిజమేనని ఒక్కరూ ఒప్పుకోలేదమ్మా."

"నోరు ఒప్పుకోలేదు" అన్నారు దమయంతి గారు. "వేలు ఒప్పుకుంది."