తిట్ల గంగమ్మ రేవు

పూర్వం దూకుడేటి ఒడ్డున బైరిదేవు అనే దొర ఉండేవాడు. కొండ మీద నుంచి నల్లరాళ్ల మధ్య ఏరు విరుచుకుపడుతుంటే పొద్దస్తమానం చూస్తూ, "ఇంత బలం ఊరికే పోతోందే!" అని తెగ బాధపడిపోయేవాడు. ఆ బాధ భరించలేక, ఏటి బలంతో కోట తిరగలి తిప్పిద్దామని పెద్ద చెక్కచక్రం చేయించి నీళ్లలో దింపించాడు. గంగమ్మ దాన్ని పుల్లల్లా విరిచేసింది. మళ్లీ చేయించాడు, మళ్లీ విరిచింది.

సరే అని పంతుళ్లను పిలిస్తే, వాళ్లు ఒడ్డున కూచుని "నీ బలానికి సాటి లేదు తల్లీ" అని పొగిడారు. ఎవరినైనా బలముందని పొగిడితే ఏం చేస్తారు? చూపిస్తారు. ఆ తల్లీ అదే చేసింది, ఒడ్డున ఉన్న పందిరి కూడా పట్టుకుపోయింది. అప్పటికైనా నోరు మూసుకున్నారా? లేదు. అమ్మకు మనిషి కావాలట! తెప్ప నడిపే పోలయ్యయితే అమ్మకు తెలిసినవాడే కదా అని అతన్ని తెచ్చి రాతికి కట్టేశారు.

పోలయ్య పెళ్లాం ఎర్నమ్మ చంకలో పసిదాన్నేసుకుని పరుగున వచ్చింది. దండం పెట్టలేదు, కొబ్బరికాయ కొట్టలేదు. మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి ఏటి మీద విరుచుకుపడింది.

"ఒలే గంగా! సిగ్గునేదేటే నీకు? ఆ పంతుల్లు పొగుడుతుంటే ఒళ్లు తెలీకుండా గెంతుతావా? ఈ సేత్తోనే రోకలెత్తుతాను, ఈ సేత్తోనే నా పిల్లకి నీలు పోత్తాను. ఎక్కడ ఎంత బలం ఎట్టాలో నాకు తెలిసినప్పుడు నీకు తెలీదేటి? నా మొగుడి మీద సెయ్యేసేవో, సూడు మరి!"

"గట్టిగా అనకే, అమ్మకి కోపమొస్తాది" అన్నాడు పోలయ్య, కట్టేసిన చోటి నుంచే.

"నువ్వూరుకో! కట్టేత్తుంటే నోరెత్తనోడివి, ఇప్పుడు నాకు సెబుతావా?"

ఏరు ఒక్కసారి వెనక్కి తగ్గినట్టయింది. నల్లరాళ్ల పక్క నుంచి సన్నటి పాయ ఒకటి విడివడి, తలొంచుకున్న కోడలిలా మెల్లగా పారింది. చక్రం అందులో దింపితే విరగకుండా తిరిగింది. పోలయ్య కట్లు విప్పారు.

ఆ పాయ ఇప్పటికీ ఉంది. ఆషాఢంలో ఏరు పొంగగానే ఆడవాళ్లంతా వచ్చి అమ్మవారిని నోరారా తిడతారు. ఇక్కడ పూలదండ వేస్తే అపచారం. కరెంటు తీద్దామని ఏటేటా కొలతలకొచ్చే ఇంజనీర్లకు ఈ సంగతి ఎంత చెప్పినా ఎక్కదు. "అబ్బ, ఏం శక్తి, ఏం శక్తి!" అని మురిసిపోయి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. రేవు మీది గూడెంలో ఇవాళ్టికీ కిరసనాయిలు దీపాలే.

మొన్నటి జాతరలో ఒక ముసలమ్మ నీళ్లలో నిలబడి అడుగుతోంది:

"పట్నాలకి పట్నాలే ఎలిగించీసే సత్తువుందంట నీకు! నా ఇంట్లో ఒక్క బలుబు ఎలిగించడానికి ఏటే నీకు రోగం?"